బుజ్జీ, ఆ మొదటి పావుగంట కత్తిరించకు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, ఇది చదువు పక్కన పెట్టి హాలు అద్దెకు తీసుకుని దెయ్యాల సినిమాలు వేస్తుందట, నువ్వైనా చెప్పు" అంది. చెప్తానన్నాను గానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్రపట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం. 1958 నాటి, బ్రిటిష్ హారర్ కంపెనీ హామర్ వాళ్ల 'డ్రాక్యులా', ఆ తర్వాత 1961 నాటి 'ది ఇన్నోసెంట్స్'. నన్నడిగినా ఆ రెండే చెప్పేవాణ్ణి. కానీ డ్రాక్యులా మొదట్లో స్లోగా ఉంది, ఓ పావుగంట ట్రిమ్ చేద్దామనుకుంటున్నావట. ఈ ఉత్తరం అందుకే.

ప్రదర్శనకి లైసెన్స్ ముందే తీసుకో. మధ్యాహ్నమే వెళ్లి సౌండ్ చూసుకో. డ్రాక్యులాకి 2013లో డిస్కుగా వచ్చిన బాగుచేసిన ప్రింటే తెప్పించు, టోక్యోలో దాచిన పాత రీళ్లలో దొరికిన ముక్కలు కలిపారు కాబట్టి చివర్లో డ్రాక్యులా తన ముఖాన్ని తానే గోళ్లతో చీల్చుకునేది అందులో ఉంటుంది. మిగతావన్నీ నీకు తెలుసు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1981లో ఇంగ్లాండ్‌లోని ఈ స్లౌ ఊరికి వచ్చిన కొత్తలో నాకు ఇక్కడ ఒక్క స్నేహితుడు లేడు. వేసవిలో శనివారం రాత్రుళ్లు బీబీసీ టూలో వరసగా రెండేసి హారర్ సినిమాలు వేసేవాళ్లు, అవే నా తోడు. డ్రాక్యులాని వేటాడే డాక్టరుగా వేసిన పీటర్ కుషింగ్‌ని అలా చూసీ చూసీ మా ఇంటి మనిషే అనిపించేశాడు. 1994 ఆగస్టులో ఆయన పోయారు. ఆయన పేరున మన తెలుగువాళ్లకి ఆ డ్రాక్యులా చూపించాలనిపించి, ఒక చిన్న హాలు తీసుకుని పది కుటుంబాలని పిలిచాను. పులిహోర, గారెలు మీ అత్తయ్య చేసింది. అప్పుడు అమ్మమ్మ కూడా తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది.

పిల్లలు గోల చేస్తున్నారు, పెద్దవాళ్లు టైం చూసుకుంటున్నారు. నాకు కంగారొచ్చింది. రిమోట్ తీసుకుని క్యాసెట్‌ని ముందుకి పరిగెత్తించేశాను. హార్కర్ అనే కుర్రాడు డ్రాక్యులా కోటకి రావడం, ఎవరూ లేని గదిలో అతని కోసం భోజనం, ఒక చీటీ పెట్టి ఉండడం, మెట్ల పైన నల్లటి ఆకారం నిలబడితే మన గుండె ఆగడం, తీరా ఆ మనిషి దిగొచ్చి చక్కటి పెద్దమనిషిలా పలకరించి గది చూపించడం, బయటికి వెళ్లి తలుపుకి తాళం వేయడం, ఇదంతా పోయింది. నేను ఆపింది ఎక్కడంటే ఎర్రటి కళ్లతో, నోటి నిండా రక్తంతో డ్రాక్యులాగా వేసిన క్రిస్టఫర్ లీ ముఖం తెర నిండా కనిపించే చోట. భయంతోనే మొదలుపెడదామని నా ఆలోచన.

వెనక నుంచి ఎవరో "కిళ్లీ నమిలొచ్చాడేంటి?" అన్నారు. హాలంతా నవ్వు. అది కూడా పర్లేదు, బుజ్జీ. నేనూ వాళ్లతో కలిసి నవ్వి "పాత సినిమా కదండీ, ఏదో" అన్నాను. పదమూడేళ్లు నాకు తోడున్న మనిషి గురించి ఆ మాట అన్నాను. చివర్లో కుషింగ్ ఆ పొడవాటి బల్ల మీద పరిగెత్తి, ఎగిరి తెరలు లాగేసి ఎండని లోపలికి రానిచ్చే చోట కూడా నవ్వుతూనే ఉన్నారు. అలా దూకుదామని, కొవ్వొత్తుల స్టాండ్లు రెండిటినీ శిలువలా పట్టుకుందామని చెప్పింది ఆయనే. అంత మనసు పెట్టి చేసిన మనిషిని చూస్తూ, నేను గారెల పళ్లెం పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికొచ్చాక అమ్మమ్మ అంది: "అన్నం పెట్టి, పక్క చూపించినవాడే కొరికాడురా, అదీ భయం. నువ్వు అన్నం పెట్టింది చూపించలేదు." ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. అంతకు ముందు వారం నా పక్కన కూర్చుని ఒక్కసారి పూర్తిగా చూసింది, అంతే.

ఇవాళ్టికి అరవై ఏళ్లు దాటినా ఆ సినిమాలు నిలబడ్డాయంటే మర్యాద వల్లే. అది నాకు అప్పుడే అర్థమైంది. రక్తం ఎవరైనా చూపిస్తారు. థేమ్స్ ఒడ్డున బ్రేలో హామర్ వాళ్లు స్టూడియో చేసుకున్న ఒక పాత ఇంట్లో, సెట్లు వేసే బెర్నార్డ్ రాబిన్సన్ అవే సెట్లని తిప్పి తిప్పి కొత్త కోటలు కట్టేవాడు, అయినా డైరెక్టర్ టెరెన్స్ ఫిషర్ ఎక్కడా ఇది తక్కువ రకం సినిమా అన్నట్టు తీయలేదు. కాబట్టి నువ్వూ ముందు మైకు పట్టుకుని "కొంచెం పాతది, సర్దుకోండి" అనకు. అన్నావని తెలిస్తే నీతో మాట్లాడను, నిజంగా.

ఇన్నోసెంట్స్ మొదట్లో తెర నల్లగా ఉంటుంది, ఒక పిల్ల గొంతు పాట మాత్రం వినిపిస్తుంది. చెడిపోయిందనుకుని ఎవరూ ఏమీ నొక్కకూడదు. ప్రొజెక్టర్ దగ్గర కూర్చునే అబ్బాయికి రెండుసార్లు చెప్పు. వెలుతురు పెంచొద్దని కూడా చెప్పు. కెమెరామన్ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ ఆ వెడల్పు తెర అంచులు నల్లబడేలా ఫిల్టర్లకి రంగు వేసి మరీ తీశాడు, ఆ చీకట్లో ఏదో ఉందని మన కళ్లు వెతకాలి. మీ అమ్మమ్మ మాత్రం ఇది రెండోసారి చూడనంది. చీకటికి కాదు, పట్టపగలు చెరువు అవతల రెల్లు గడ్డిలో కదలకుండా నిలబడ్డ ఆ నల్లబట్టల ఆవిడకి.

జనం తక్కువొస్తే బాధపడకు. నలుగురొచ్చినా లైట్లన్నీ తీసేసి మొదటి నుంచీ వెయ్యి. తినకుండా పరిగెత్తకు, ఆ రోజు మజ్జిగన్నమైనా తిను. అయ్యాక నడిచి వెళ్లకు, టాక్సీకి డబ్బులు పంపాను.

నేనూ వస్తున్నాను. మోకాళ్ల నొప్పులతో రైలెందుకని మీ అత్తయ్య అంటోంది, టికెట్ కొనేశాను. చివరి వరసలో గోడ పక్క కుర్చీ ఒకటి ఉంచు. దాని పక్కది కూడా ఖాళీగా ఉంచు, అమ్మమ్మకి.

మీ మావయ్య