ఆయనకి టెన్షన్ ఎందుకని...

ఈ వారం ఉత్తరం శ్రీకాకుళం జిల్లా అమ్మాయిది. భర్త ఆర్మీలో హవల్దార్. నిరుడు జూన్‌లో ఆయనకి లద్దాఖ్ వైపు ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది, అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి లేదు. పిల్లల పరీక్షలు అయ్యేదాకా తను పంజాబ్‌లో, భటిండాలోని పాత క్వార్టర్లోనే ఉండిపోయింది. ఇప్పుడు సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఎస్.ఎఫ్. క్వార్టర్, అంటే ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళ కుటుంబాలకి ఇచ్చేది, వీళ్ళ వంతుకి వచ్చింది. అత్తగారు మాత్రం క్వార్టర్ వద్దంటున్నారు. అల్వాల్‌లో పెద్ద ఇల్లు అద్దెకి తీసుకోండి, నేనూ చిన్నోడూ వచ్చి ఉంటాం అంటున్నారు. చిన్నోడంటే మరిది, 26 ఏళ్ళు, అశోక్ నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. "క్వార్టర్ మంచిదా, బయట ఇల్లు మంచిదా? 20వ తేదీలోపు చెప్పాలి" అని అడిగింది.

అమ్మా, క్వార్టర్ తీసుకో. నీ ప్రశ్నకి జవాబు అంతే.

కారణం కూడా కావాలంటే, లెక్క చూడు. క్వార్టర్లో ఉంటే హెచ్.ఆర్.ఏ., అంటే జీతంతో ఇచ్చే ఇంటి అద్దె భత్యం, రాదు, నిజమే. బయట ఉంటే హైదరాబాద్‌కి బేసిక్ మీద 30 శాతం, మీ శ్రీకాకుళం లాంటి ఊరికి 10 శాతం. మీ ఆయనకి ఏ ఊరి రేటు కడతారో యూనిట్‌లో క్లర్కుని అడిగితే తెలుస్తుంది. బేసిక్ 40 వేలు అనుకుని హైదరాబాద్ రేటే వచ్చిందనుకున్నా 12 వేలు. నువ్వు చూసొచ్చిన ఇల్లు 16 వేలు, ఆపైన కరెంటు, మెయింటెనెన్స్, అడ్వాన్సు. క్వార్టర్లో గోడలు చెమ్మెక్కుతాయి, రిపేర్లు చూసే ఎం.ఇ.ఎస్. వాళ్ళ పుస్తకంలో మూడుసార్లు కంప్లైంట్ రాస్తే గానీ నల్లా బాగుపడదు, ఎవరింటికి ఎవరొచ్చారో సాయంత్రానికి బ్లాకంతా తెలిసిపోతుంది. ఇవేవీ నీకు కొత్త కాదు. కానీ సెప్టెంబర్లో నీ కొడుక్కి డెంగీ వచ్చిన రాత్రి, రెండు గంటలకి నిన్ను మిలిటరీ హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది ఎవరు? పక్క క్వార్టర్ ఒడియా ఆవిడ. ఆవిడ భర్త కూడా ఫీల్డ్‌లోనే ఉన్నాడు కాబట్టి నువ్వు తలుపు కొట్టగానే ఏమైందని కూడా అడక్కుండా స్కూటీ తాళాలు తీసుకుంది. అల్వాల్ అపార్ట్‌మెంట్‌లో మంచివాళ్ళు ఉండరని కాదు. కానీ మగాడు ఏడాదిపాటు ఇంట్లో లేకపోవడం అంటే ఏమిటో వాళ్ళకి నువ్వు మొదట్నుంచీ చెప్పుకోవాలి.

ఇంకోటి. అత్తగారి పేరు మీ ఆయన కాగితాల్లో డిపెండెంట్‌గా ఉందని నువ్వే రాశావు. అంటే ఆవిడ క్వార్టర్లో మీతో ఉండొచ్చు. ఉండకూడనిది 26 ఏళ్ళ మరిది. కాబట్టి ఆవిడ అభ్యంతరం క్వార్టర్ మీద కాదు, చిన్నకొడుకు హాస్టల్ ఖర్చు పెద్దకొడుకు ఇంట్లో కలిసిపోవాలని. తల్లికి ఆ ఆలోచన రావడం తప్పని నేననను. చెప్పాల్సిన మనిషి చెప్పకపోవడమే తప్పు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. మూడు పేజీల ఉత్తరంలో మీ ఆయన నోటి మాట ఒక్కటే ఉంది: "మీరూ మీరూ మాట్లాడుకోండి, ఎక్కడైనా నాకు ఓకే." అత్తగారి మాటలు పదో పన్నెండో ఉన్నాయి, మరిదివి కూడా ఉన్నాయి. ఇంటి యజమానిది మాత్రం ఒక్క ముక్క, అది కూడా తప్పించుకునే ముక్క. పది మందికి ఆర్డర్ వేసే హవల్దార్ వాళ్ళమ్మతో "అమ్మా, వీళ్ళు క్వార్టర్లో ఉంటారు" అని అనలేకపోతున్నాడు. నీకు కోపం అత్తగారి మీద ఉంది. నాకు ఈయన మీద ఉంది.

నీ మీద కూడా ఉంది. చివరి పేజీలో, సంతకానికి పైన, ఇరికించినట్టు రాశావు చూడు: "మరిది కోచింగ్‌కి నా గాజులు రెండు బ్యాంకులో పెట్టి 60 వేలు కట్టాను. ఈయనకి తెలీదు. బోర్డర్లో ఉన్న మనిషికి టెన్షన్ ఎందుకని." బాబు డెంగీ సంగతి కూడా డిశ్చార్జ్ అయ్యాక, అదీ "కాస్త జ్వరం వచ్చి తగ్గింది" అని చెప్పావట. పాప లెక్కల్లో తప్పిన విషయం ఇంకా చెప్పనే లేదు.

మా నాన్నగారు కూడా ఆర్మీయే. ఉత్తరాలు కేరాఫ్ 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు, అని వెళ్ళేవి. మా అమ్మ ఇన్లాండ్ లెటర్ ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది, ఇక్కడ అందరం క్షేమం అని. 1977 తుఫానుకి మా పశువుల పాక కూలి గేదె చచ్చిపోయిన వారం కూడా అదే రాసింది, పక్కన కూర్చుని చిరునామా రాసింది నేనే కాబట్టి నాకు తెలుసు. నాన్న రెండు నెలల సెలవుకి వచ్చి గేదె ఏదని అడిగాడు. ఆయనకి కోపం వచ్చుంటే బాగుండేది. రాలేదు. ఆ తర్వాత ఏ సెలవులోనూ ఇంటి సంగతులు అడగడం మానేశాడు, ట్రంకుపెట్టె పక్కన కూర్చుని పేపర్ చదువుకుని వెళ్ళిపోయేవాడు. అమ్మ ఆయన్ని కాపాడాననుకుంది. రిటైరై వచ్చాక ఆ ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో తెలియక పదేళ్ళు చుట్టంలా తిరిగాడు.

నువ్వు చేస్తున్నదీ అదే. రోజూ సాయంత్రం ఫోన్లో ఏడవమని నేను చెప్పడం లేదు. సిగ్నల్ దొరికిన అయిదు నిమిషాల్లో మరిది మీద ఫిర్యాదులు చదవమనీ కాదు. కానీ కొడుకు ఆస్పత్రిలో ఉండటం, బంగారం తాకట్టులో ఉండటం టెన్షన్ కబుర్లు కావు, ఆయన ఇంటి విషయాలు. యూనిట్లో సుబేదార్ సాబ్ ఉంటారు, పైన అధికారులుంటారు, ఇంట్లో కష్టం వచ్చిన జవాన్లని వాళ్ళు చూసుకోగలరు, అవసరమైతే సెలవూ ఇస్తారు. అసలు కష్టం ఉందనే తెలియని మనిషికి ఎవరేం చేస్తారు? అన్నీ నువ్వే మోస్తుంటే "ఎక్కడైనా ఓకే" అనడం ఆయనకి చాలా సుఖంగా ఉంది. ఆ సుఖం ఇచ్చింది నువ్వే.

మరిది గురించి ఎక్కువ రాయను. ఆ 60 వేలు అప్పా, సాయమా అన్నది మీ ఆయన తేల్చాలి, అది వదిన గాజుల మీద తేలాల్సింది కాదు. నీ గాజులు నీవి. ఇంటి పెద్దకోడలిగా ఇవ్వాలనిపిస్తే బహిరంగంగా ఇవ్వు, దొంగచాటుగా తాకట్టు పెట్టి ఇచ్చిన దాన్ని రేపు ఎవరూ సాయం అని కూడా అనరు.

ఇక చెయ్యాల్సింది. ఆదివారం ఆయన ఫోన్ చేస్తారన్నావు కదా. పిల్లల్ని ముందు మాట్లాడించి బయటికి పంపెయ్. డెంగీ, లెక్కలు, గాజులు, ఈ వరసలోనే చెప్పు, మధ్యలో అత్తగారి పేరు రానివ్వకు. ఆయన అరిచినా, అయిదు నిమిషాలు మాట్లాడకపోయినా లైన్ కట్ చెయ్యకు. తర్వాత ఒక్కటే అడుగు: క్వార్టర్ తీసుకుంటున్నామని వాళ్ళమ్మకి ఆయనే ఫోన్ చేసి చెప్పాలి, "కోడలు అంటోంది" అని కాదు, "నేను అనుకున్నాను" అని. రెండు రోజులు ఆగు. చెప్పకపోతే మళ్ళీ అడుగు. అత్తగారు నీకు ఫోన్ చేసి ఏమన్నా "మీ అబ్బాయితో మాట్లాడండి అత్తయ్యా" అను, గొంతు పెంచకుండా. ఆవిడ వచ్చి ఉంటానంటే మాత్రం ముందు గది ఆవిడకే ఇవ్వు.

ఫోన్ వచ్చేలోపు బ్యాంకు రసీదు వెతికి దగ్గర పెట్టుకో. వడ్డీ ఎంతయిందో ఆయన అడుగుతారు.