జూడోలో పడేసిన మనిషి చెయ్యి వదలరు

అడిగిన ప్రశ్న ఇది: "నాకు కోపం, టెన్షన్ ఎక్కువ. కరాటే, జూడో లాంటివి నేర్చుకుంటే ఆ సూత్రాలు ఇంట్లో, పనిలో నిజంగా పనికొస్తాయా? లేక గోడ మీద రాసుకునే మాటలేనా? ముప్పై దాటాక మొదలుపెట్టొచ్చా?"

పనికొస్తాయి. అయితే చాలామంది అనుకునేవి వేరు, నాకు పనికొచ్చినవి వేరు. ఏకాగ్రత, క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం అని ప్రతి క్లాసు బోర్డు మీదా రాసి ఉంటుంది. వాటి గురించి ఇక్కడ రాయను, వీణ నేర్చుకున్నా అవి వస్తాయి. ఇంకో మనిషిని రెండు చేతులా పట్టుకుని పెనుగులాడితే తప్ప ఒంటబట్టనివి కొన్ని ఉన్నాయి, వాటి గురించి రాస్తాను. నేను విజయవాడలో చాలా ఏళ్లుగా జూడో చేస్తున్నాను. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ షాపులో కౌంటర్ చూస్తాను. కరాటే సంగతి కరాటే చేసినవాళ్లు చెప్తేనే బాగుంటుంది.

జూడోలో చేరితే ముందు నేర్పేది పడటం. కొత్తవాళ్లకు కొన్ని వారాలపాటు దాదాపు అదే పని. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనకభాగం మ్యాట్‌కి తగలకూడదు. వీపు గుండ్రంగా వంచాలి. ఊపిరి బిగబట్టకుండా వదిలెయ్యాలి. చేత్తో మ్యాట్‌ని గట్టిగా చరిచి దెబ్బ ఒక్కచోట పడకుండా పంచాలి. అన్నిటికంటే ముఖ్యం, చెయ్యి వెనక్కి చాపి ఆపుకోవాలని చూడకూడదు. జారిపడినప్పుడు మామూలు మనుషులకు మణికట్టు విరిగేది ఎక్కువగా అలాగే, ఒంటి బరువంతా చాపిన అరచేతి మీదకి వస్తుంది.

ఇది జీవితానికి పోలిక చెప్పడానికి రాయట్లేదు. అక్షరాలా పనికొస్తుంది. ఒక కార్తీక మాసంలో స్నానాలకు వెళ్లినప్పుడు కృష్ణ ఒడ్డున ఘాట్‌లో నాచు పట్టిన మెట్టు మీద కాలు జారింది. ఆలోచించే టైమే లేదు, గడ్డం దానంతటదే లోపలికి వెళ్లిపోయింది. తుంటి కమిలింది గానీ తలకేం కాలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మ్యాట్ మీద చరిచినట్టు సిమెంట్ మీద చేత్తో చరిస్తే ఆ చెయ్యే దెబ్బతింటుంది. రోడ్డు మీద, మెట్ల మీద కాపాడేవి లోపలికి దాచిన గడ్డం, గుండ్రంగా వంగిన వీపు, చాపకుండా దగ్గర పెట్టుకున్న చేతులు.

రోజూ పడటం వల్ల మనసుకు జరిగేది నెమ్మదిగా తెలుస్తుంది. సాయంత్రం క్లాసులో నాకంటే చిన్నవాళ్లు, బరువు తక్కువున్న కాలేజీ అమ్మాయిలు కూడా నన్ను పడేస్తారు. లేస్తాను, వంగి నమస్కారం పెడతాను, మళ్లీ పట్టు పడతాను. అందరి ముందూ ఓడిపోవడం అన్నం తినడం అంత మామూలైపోయింది. ఆ తర్వాత షాపులో పెద్ద ఆర్డర్ పక్క షాపుకి పోయినా, యజమాని నలుగురిలో కేకలేసినా, లోపల ముందున్నంత మంట ఉండటం లేదు. ఎక్కడ దెబ్బ తగిలిందో చూసుకుని లేవడమే కదా అనిపిస్తుంది.

పడిన తర్వాత కింద కూడా పెనుగులాట ఉంటుంది. అక్కడ మెడ బిగించే పట్లు, మోచేతి కీలు బిగించే పట్లు వేస్తారు. తట్టుకోలేకపోతే ఎదుటివాడి ఒంటి మీదో మ్యాట్ మీదో రెండుసార్లు తట్టాలి. తట్టిన మరుక్షణం పట్టు వదిలెయ్యాలి, అందులో చర్చ లేదు. మెడ పట్టు సరిగ్గా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది, కాబట్టి పౌరుషానికి పోయి ఆలస్యం చెయ్యడం మూర్ఖత్వం. తట్టినవాణ్ణి ఎవరూ తక్కువగా చూడరు. తట్టినా వదలనివాణ్ణి మాత్రం మా మాస్టారు ఆరోజుకి మ్యాట్ దింపేస్తారు.

ఇది మా ఇంటికి తెచ్చుకున్నాం. నాకూ మా ఆవిడకీ మాటా మాటా పెరిగినప్పుడు ఎవరో ఒకరు బల్ల మీద రెండుసార్లు తడతాం. తట్టారంటే అప్పటికి ఆపెయ్యాలి, ఆఖరి మాట అనే హక్కు ఇద్దరికీ లేదు. విషయం మర్నాడు కాఫీ దగ్గర మళ్లీ తియ్యొచ్చు. తట్టినవాళ్లు ఓడిపోయినట్టు కాదని ఇద్దరం నమ్మితేనే ఇది పని చేస్తుంది. మొదట్లో తనకి ఇదంతా వింతగా అనిపించింది. ఇప్పుడు నాకంటే ముందు తట్టేది తనే, ఆ విషయంలో నాకు తనంటే చాలా గౌరవం.

ఇప్పుడు కోపం సంగతి. జూడోని రూపొందించిన జిగొరో కానో ఒక లెక్క చెప్పేవారు. ఎదుటివాడి బలం 10, నా బలం 7 అనుకుందాం. అతను తోస్తే నేనూ ఎదురు తోస్తే ఓడేది నేనే. ఎదురు తొయ్యకుండా అతను తోసిన వైపే సర్దుకుంటూ వెనక్కి వెళ్తే అతను ముందుకు తూలతాడు. తూలిన క్షణంలో అతని బలం 3 అనుకుంటే, నా 7 నా దగ్గరే ఉంటుంది. అప్పుడు అందులో సగం వాడినా చాలు. కానో చిన్న ఒళ్లు మనిషి, చదువుకునే రోజుల్లో తనకంటే బలవంతుల చేతిలో బాధలు పడ్డారు. 1882లో, 21 ఏళ్ల వయసులో, టోక్యోలోని ఒక బౌద్ధాలయంలో 12 చాపలు పట్టే చిన్న గదిలో కొడోకాన్ అనే బడి పెట్టారు. జుజుత్సు అనే పాత జపాన్ యుద్ధవిద్యలో ప్రాణాపాయం ఉన్న దెబ్బల్ని స్వేచ్ఛగా చేసే సాధనలోంచి తీసేశారు. దానివల్లే పూర్తి బలంతో, నిజంగా ఎదిరించే మనిషితో, రోజూ సాధన చెయ్యడం కుదిరింది. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని అదే. ఎదిరించనివాడి మీద ఎన్ని పట్లు వేసినా ఒంటికి ఏమీ పట్టదు.

కౌంటర్ దగ్గర నాకు రోజూ 10 బలంతో వచ్చేవాళ్లే. ఒక లారీ ఓనర్ గారు క్లచ్ ప్లేట్ పట్టుకుని, వెనకాల డ్రైవర్‌నీ మేస్త్రినీ వేసుకుని వచ్చారు. "నెల తిరక్కుండానే కాలిపోయింది, దొంగ సరుకు అమ్ముతున్నారు" అని షాపు దద్దరిల్లేలా అరుపులు. బాకీ కూడా ఉంది, అది ఇక కట్టనన్నారు. అలాంటప్పుడు ఎదురు తోస్తే ఏమవుతుందో ఆటోనగర్‌లో అందరికీ తెలుసు. "కూర్చోండి బాబాయ్, ప్లేట్ ఇలా ఇవ్వండి, చూద్దాం" అన్నాను. ఆయన అరుస్తూనే ఉన్నారు, నేను ప్లేట్ తిప్పి చూస్తూనే ఉన్నాను. మంచినీళ్లు తెప్పించాను. ఎప్పుడు వేశారు, లోడెంత, ఎవరు తోలారు అని ఒక్కొక్కటే అడిగాను. అరుపుకి ఎదురు దొరక్కపోతే అది ఎక్కువసేపు నిలబడదు.

మేము అమ్మే ప్రతి ప్లేట్‌కీ అంచు మీద పెయింట్‌తో ఒక గుర్తు పెడతాం. ఆ ప్లేట్ మీద అది లేదు. మా దగ్గర కొన్నది కాదు, మధ్యలో ఎవరో మార్చారు. పక్కనున్న డ్రైవర్ మొహం చూస్తే నాకు అర్థమైంది.

ఇక్కడే జూడోలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి చెప్పాలి. ఎదుటి మనిషిని తుంటి మీదుగానో భుజం మీదుగానో విసిరినప్పుడు అతని చొక్కా చెయ్యి మన గుప్పిట్లో ఉంటుంది. అతను నేల తాకే చివరి క్షణంలో ఆ చేతిని వదలం, పైకి లాగి పట్టుకుంటాం. దానివల్ల అతను సరిగ్గా తిరిగి వీపు మీద పడతాడు, తల కొట్టుకోదు, రెండో చెయ్యి మ్యాట్‌ని చరవడానికి ఖాళీగా ఉంటుంది. ఎంత అందంగా విసిరినా చెయ్యి వదిలేస్తే మా మాస్టారు మెచ్చుకోరు. ఆ మనిషి తన ఒంటిని నమ్మి నాకు అప్పగించాడు. అతనికి దెబ్బ తగిలితే రేపు నాతో సాధన చేసేవాళ్లు ఉండరు. కానో 1922లో జూడోకి రెండు సూత్రాలు పెట్టారు. ఒకటి, ఉన్న శక్తిని వృథా కాకుండా మంచిగా వాడటం. రెండోది, నువ్వూ ఎదుటివాడూ కలిసి బాగుపడటం. రెండోది నాకు అర్థమైంది పుస్తకం వల్ల కాదు, గుప్పిట్లో ఉన్న ఆ చొక్కా చెయ్యి వల్ల.

మన దగ్గర కుస్తీ వస్తాదులు గోదాలోకి దిగేటప్పుడు మట్టిని తాకి కళ్లకు అద్దుకునేవాళ్లు. అక్కడా ఉన్నది ఈ గౌరవమే అనుకుంటాను.

మేస్త్రి ముందు, డ్రైవర్ ముందు "ఇది మా ప్లేటే కాదు, గుర్తేదీ?" అని నేను అనొచ్చు. గెలుపు ఖాయం. ఆయన మాత్రం తన మనుషుల ముందు తలెత్తుకోలేరు. "బాబాయ్, ఒక్కసారి లోపలికి రండి, బిల్లు చూద్దాం" అని గోడౌన్‌లోకి తీసుకెళ్లి, మా స్టాకులో కొత్త ప్లేట్ తీసి గుర్తు చూపించాను. ఇంకేమీ అనలేదు. ఆయన రెండు ప్లేట్లూ చేతుల్లో పెట్టుకుని చాలాసేపు చూశారు. బయటికొచ్చి అందరికీ వినపడేలా "సరేలే, కొత్తది ఒకటి వెయ్యి" అన్నారు. దానికి డబ్బు ఇచ్చారు, పాత బాకీ ఆ వారంలోనే కట్టేశారు. డ్రైవర్‌తో ఏం మాట్లాడుకున్నారో అది వాళ్ల సంగతి. ఆయన ఇప్పటికీ మా షాపుకే వస్తారు.

మీ కోపం గురించి అడిగారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. క్లాసులో చేరినంత మాత్రాన కోపం తగ్గదు. ఒళ్లు అలిసి ఆ పూటకి చల్లబడొచ్చు, అంతే. చక్కగా పట్లు వేసేవాళ్లు ఇంటికెళ్లి పిల్లల మీద అరవడం నేను చూశాను. మ్యాట్ మీది అలవాటు బయటికి రావాలంటే దాన్ని బయట కూడా కావాలని సాధన చెయ్యాలి. అందుకని ఒక్క అలవాటు, ఒక్క చోటు ఎంచుకోండి. నేను మొదట ఎంచుకున్నది ఊపిరి. ఫోన్‌లో ఎవరైనా అరవడం మొదలుపెడితే, పడేటప్పుడు వదిలినట్టు ఊపిరి వదిలి అప్పుడు మాట్లాడటం. చాలాకాలం అదొక్కటే చేశాను. మిగతావి దాని వెనకాల ఒక్కొక్కటిగా వచ్చాయి.

వీధి గొడవల కోసం నేర్చుకోవాలనుకుంటే మాత్రం నా సలహా వేరు. కత్తో రాడ్డో ఉన్నవాడి ముందు జూడో పట్టు ఆలోచించొద్దు, పరిగెత్తండి.

ముప్పై దాటాక మొదలుపెట్టొచ్చు, నాతోపాటు చేసేవాళ్లలో నలభై దాటాక చేరినవాళ్లు ఉన్నారు. మోకాలు, నడుము, మెడ సమస్యలుంటే ముందు డాక్టర్‌ని అడిగి, కోచ్‌కీ చెప్పండి. డబ్బు కట్టే ముందు ఒక సాయంత్రం కూర్చుని క్లాసు చూడండి. కొత్తవాళ్లకు పడటం ఓపిగ్గా నేర్పుతున్నారా, సీనియర్లు వాళ్లని ఎలా పడేస్తున్నారు, తట్టగానే వదులుతున్నారా అని గమనించండి. బెల్టు ఎన్ని నెలల్లో ఇస్తారని ముందే మాటిచ్చే చోటుకి నేనైతే వెళ్లను.

జూడోగి, అంటే జూడోలో వేసుకునే చొక్కా, ప్యాంటు, మొదటి రోజే కొనక్కర్లేదు. అది దళసరి నూలు బట్ట, బెజవాడ ఎండల్లో తడిసి మోతబరువవుతుంది. వర్షాలు మొదలయ్యాక చేరితే వచ్చే వేసవికి ఒళ్లు అలవాటు పడుతుంది. చేతుల గోళ్లు, కాళ్ల గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, ఉంగరం, గొలుసు ఇంట్లో పెట్టి వెళ్లండి.