విండోస్ నుంచి మ్యాక్‌కి మారుతున్న డెవలపర్ ముందు ఏ సెట్టింగులు మార్చుకోవాలి, ఏ యాప్‌లు వేసుకోవాలి?

మీరు చాలా ఏళ్లు విండోస్ మీదే కోడ్ రాశారు, కొత్త ఉద్యోగంలో మ్యాక్‌బుక్ ఇచ్చారు, ఏమేం కావాలి అని అడుగుతున్నారు. నాకూ 2022లో సరిగ్గా ఇదే జరిగింది. మొదటి రోజే ఎవరో చెప్పిన "తప్పనిసరి యాప్‌లు" ఇరవై దాకా వేసేశాను. ఇప్పుడు నాలుగైదు మిగిలాయి. నన్ను ఏడిపించినవన్నీ సెట్టింగుల్లోనే ఉన్నాయి కాబట్టి ముందు వాటి సంగతి చెప్తాను.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తెలుగు కీబోర్డు వల్ల తగిలింది. ఇంట్లోవాళ్లకి మెసేజ్‌లు రాయడానికి తెలుగు క్వర్టీ కీబోర్డు పెట్టుకున్నాను. మర్నాటి నుంచి వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌లో కంట్రోల్-స్పేస్ కొడితే సజెషన్లు రావడం మానేశాయి. ఎక్స్‌టెన్షన్ పాడైందనుకుని తీసి మళ్లీ వేశాను, వీఎస్ కోడ్‌నే తీసి మళ్లీ వేశాను. పూట గడిచిపోయింది. చివరికి ఒక ఫంక్షన్ మధ్యలో ఇంగ్లిష్ కొట్టాల్సిన చోట వరసగా తెలుగు అక్షరాలు పడ్డాయి. అప్పుడు వెలిగింది: మ్యాక్‌లో రెండో భాష పెట్టగానే కంట్రోల్-స్పేస్ భాష మార్చే మీట అయిపోతుంది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అందులో కీబోర్డ్ షార్ట్‌కట్స్, అందులో ఇన్‌పుట్ సోర్సెస్‌కి వెళ్లి కంట్రోల్-స్పేస్ ఉన్న వరసలో టిక్ తీసేయండి. భాష మార్చడానికి కింద ఎడమ మూల ఉండే గ్లోబ్ మీట చాలు.

ఆ కీబోర్డ్ పేజీలోనే ఇంకో పని ఉంది. ఇన్‌పుట్ సోర్సెస్ పక్కన ఎడిట్ నొక్కితే స్మార్ట్ కోట్స్, డాషెస్ అని ఒక స్విచ్ కనిపిస్తుంది. దాన్ని ఆపేయండి. నోట్స్‌లో కమాండ్లు రాసిపెట్టుకునే అలవాటున్నవాళ్లకి ఇది ముఖ్యం. రెండు హైఫన్లు కొడితే అది కలిపి ఒక పొడుగు గీత చేసేస్తుంది, కోట్లు వంకరవి పెడుతుంది. టెర్మినల్‌లో పేస్ట్ చేస్తే కమాండ్ పనిచేయదు, కంటికేమో అంతా బాగానే ఉంటుంది.

కంట్రోల్, కమాండ్ మీటలు తారుమారు చేసుకోమని చాలామంది చెప్తారు. నేనూ చేసి రెండు వారాల్లో వెనక్కి మార్చుకున్నాను. నిజానికి మ్యాక్‌లో నాకు బాగా నచ్చింది ఇదే: టెర్మినల్‌లో కాపీకి కమాండ్-సి, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపడానికి కంట్రోల్-సి, రెండూ వేర్వేరు. వేళ్లు అలవాటు పడేదాకా ఓ పది రోజులు ఓపిక పట్టండి.

ఫ్లాస్క్ (పైథాన్‌లో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) వాడతారా? అది మామూలుగా నడిచే 5000 పోర్టు సంగతి ముందే తెలుసుకోండి. యాప్ రన్ చేస్తే పోర్టు వాడుకలో ఉందంటుంది. ఎవరు వాడుతున్నారా అని వెతికితే కంట్రోల్ సెంటర్ అనే ప్రాసెస్ కనిపించింది. చంపాను, మళ్లీ లేచింది. మళ్లీ చంపాను, మళ్లీ లేచింది. 2021లో వచ్చిన మాంటెరీ అనే మ్యాక్ ఓఎస్ వెర్షన్ నుంచి, ఫోన్ లాంటివాటి స్క్రీన్‌ని మ్యాక్ మీద చూపించే ఎయిర్‌ప్లే రిసీవర్ ఆ పోర్టు మీద కూర్చుంటోంది. సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఎయిర్‌డ్రాప్, హ్యాండాఫ్ పేజీలో దాన్ని ఆపేయొచ్చు. లేదా మీ యాప్‌నే 5001కి మార్చేసుకోండి.

షెల్ స్క్రిప్టులు ఉంటే కొంచెం జాగ్రత్త. 2019 నుంచి మ్యాక్‌లో డిఫాల్ట్ షెల్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపేది) జెడ్‌ఎస్‌హెచ్. అంతకుముందు డిఫాల్ట్ అయిన బాష్ కూడా ఉంది కానీ అది 3.2 దగ్గరే ఆగిపోయింది. 4 నుంచి బాష్ లైసెన్సు జీపీఎల్ మూడో వెర్షన్‌కి మారింది, యాపిల్ దాన్ని తీసుకోలేదు. అందుకే సర్వర్‌లో చక్కగా నడిచే అసోసియేటివ్ అర్రేలు (పేరుతో విలువ దాచుకునే జాబితాలు) ఈ పాత బాష్‌లో ఎర్రర్ ఇస్తాయి. టెర్మినల్ నుంచి యాప్‌లు, టూల్స్ వేసే హోమ్‌బ్రూతో కొత్త బాష్ వేసుకుంటే సరి. విండోస్ నుంచి నేరుగా కాపీ చేసిన స్క్రిప్టుల్లో లైన్ చివర కనిపించని క్యారేజ్ రిటర్న్ ఉంటుంది, దానివల్ల కూడా స్క్రిప్టు మొదటి లైన్‌లోనే చతికిలబడుతుంది. కాపీ చేయకుండా, కోడ్ మార్పుల లెక్క దాచే గిట్ నుంచి క్లోన్ చేసుకోవడం మేలు.

డాకర్ (యాప్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి ఇమేజ్ అనే ఒక ప్యాకేజీగా కట్టే టూల్) గురించి ఒక్క మాట. యాపిల్ ఎం1, ఆ తర్వాతి చిప్‌లు ఆర్మ్ రకం. మీ సర్వర్ ఇంటెల్ లేదా ఏఎండీ అయితే, ఇమేజ్ బిల్డ్ చేసేటప్పుడు ఏ రకం చిప్ కోసమో (ప్లాట్‌ఫామ్) చెప్పి తీరాలి. చెప్పకపోతే మీ దగ్గర నడుస్తుంది, అక్కడ నడవదు.

ఇక యాప్‌లు. హోమ్‌బ్రూ లేకుండా మొదలుపెట్టకండి. మిగతావన్నీ దాంతోనే వేసుకుంటే జాబితా మొత్తం బ్రూఫైల్ అనే ఒక ఫైల్‌లోకి రాసుకోవచ్చు, వచ్చే మెషీన్‌కి ఒక్క కమాండ్‌తో అయిపోతుంది. విండోస్‌లో విండోస్ మీట-వి కొట్టి పాత కాపీలు చూసుకునే అలవాటుంటే మ్యాకీ అనే యాప్ వేసుకోండి. బయటి మౌస్ వాడితే, దాని స్క్రోల్ దిశని విడిగా మార్చే మాస్ అనే యాప్ కావాలి, ఎందుకంటే స్క్రోల్ దిశ మౌస్‌కీ ట్రాక్‌ప్యాడ్‌కీ కలిపి ఒకటే సెట్టింగు. (ఎందుకలా పెట్టారో ఆ దేవుడికే తెలియాలి.) విండోలు పక్కపక్కన సర్దడానికి నేను రెక్టాంగిల్ అనే యాప్ వాడతాను కానీ 2024లో వచ్చిన సెకోయా వెర్షన్‌లో ఆ సౌకర్యం లోపలే ఉంది, ముందు అది చూడండి. ఇలాంటి యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి, కంపెనీ లాప్‌టాప్ కదా, ఐటీ వాళ్లని ఒకసారి అడిగి వేసుకోండి.

పాత ఎక్స్‌టర్నల్ డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే మ్యాక్ చదువుతుంది, రాయదు. ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోవడానికి, రెండూ రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ చేసుకున్న డిస్క్ ఒకటి పెట్టుకోండి.

పాత లాప్‌టాప్ మాత్రం అప్పుడే తిరిగి ఇచ్చేయకండి. కోడంతా గిట్‌లోనే ఉందిగా అని నేను ధీమాగా మూడో రోజే ఇచ్చేశాను. గిట్ పట్టించుకోని ఎన్వ్ ఫైళ్లు (పాస్‌వర్డుల్లాంటి సెట్టింగులు ఉండేవి), సర్వర్లకి కనెక్ట్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్, స్టాష్ చేసి (కమిట్ చేయకుండా పక్కన పెట్టి) వదిలేసిన మార్పులు, ఇవేవీ పుష్‌తో పాటు వెళ్లవు. నావి రెండు స్టాష్‌లు అలాగే పోయాయి. ఒకటి మళ్లీ రాయడానికి రెండు రోజులు పట్టింది. రెండోదాంట్లో ఏముందో ఇప్పటికీ గుర్తు రాలేదు.