కార్డు పెట్టగానే నెట్‌వర్క్ ఎందుకు పోయింది?

ప్రశ్న: మా ఆఫీసు డెబియన్ లినక్స్ సర్వర్‌లో కొత్తగా గ్రాఫిక్స్ కార్డు పెట్టాం. రీస్టార్ట్ చేశాక నెట్‌వర్క్ లేదు. నెట్‌వర్క్ పోర్టు పేరు ఈఎన్‌పీ3ఎస్0 పోయి ఈఎన్‌పీ4ఎస్0 అని కనిపిస్తోంది. పోర్టు పాడైందా?

జవాబు: టెన్షన్ పడకండి, పోర్టుకేమీ కాలేదు. ఆ పేరులో 3 అంటే పీసీఐ బస్ (కార్డులు మదర్‌బోర్డుతో కలిసే దారి) నంబరు, కొత్త కార్డు రావడంతో మదర్‌బోర్డు బస్ నంబర్లను మళ్ళీ లెక్కపెట్టింది, మీ నెట్‌వర్క్ పోర్టు ఒక అంకె జరిగింది, సెట్టింగుల ఫైలు మాత్రం ఇంకా పాత పేరునే వెతుకుతోంది. 2013లో సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే ప్రోగ్రామ్) తెచ్చిన ఈ పేర్ల పద్ధతి, ఈటీహెచ్0, ఈటీహెచ్1 అనే పాత పేర్లు తారుమారయ్యే గొడవను తప్పించింది గానీ, హార్డ్‌వేర్ మారితే ఇలా అవుతుంది.

సెట్టింగుల్లో 3ని 4 చేస్తే ఇప్పటికి పని నడుస్తుంది. కానీ రేపు ఆ కార్డు తీస్తే మళ్ళీ ఇదే కథ, అందుకే పేరును మ్యాక్ అడ్రస్‌కి, అంటే పోర్టుకి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యకి, కట్టేయమంటాను. ఈటీసీ (సెట్టింగుల ఫైళ్ళుండే ఫోల్డరు)లోని సిస్టమ్‌డీ ఫోల్డర్లో నెట్‌వర్క్ అనే ఫోల్డరు ఉంటుంది, అందులో 10తో మొదలయ్యే పేరుతో, డాట్ లింక్ ఎక్స్‌టెన్షన్‌తో ఫైలు పెట్టి, మ్యాచ్ విభాగంలో పర్మనెంట్ మ్యాక్ అడ్రస్, లింక్ విభాగంలో ల్యాన్0 లాంటి సొంత పేరు ఇవ్వండి. ఈటీహెచ్0 అని మాత్రం పెట్టకండి, కెర్నల్ (లినక్స్ మూల భాగం) తను ఇచ్చే పేర్లతో అది గొడవపడుతుంది. నెట్‌వర్క్ సెట్టింగుల్లో, ఫైర్‌వాల్ రూల్స్‌లో కూడా కొత్త పేరు రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ అయ్యేటప్పుడు ముందుగా లోడయ్యే ఫైళ్ళ కట్ట) అప్‌డేట్ చేసి, అప్పుడు రీస్టార్ట్ చేయండి.

ఇదంతా ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచి, కాదు, సర్వర్‌కి మానిటరూ కీబోర్డూ తగిలించి దాని ముందు కూర్చునే చేయండి.