నాన్నగారికి ఉప్పు తగ్గించమన్నారు, చప్పిడి కూర పెడితే తినడం లేదు. ఏం చేయాలి?

మీ నాన్నగారికి బీపీ, ఉప్పు తగ్గించి వండితే కంచం ముందు నుంచి లేచిపోతున్నారు, బదులుగా లో సోడియం ఉప్పు వాడొచ్చా అని కదా అడిగారు. మా అత్తయ్యగారిదీ అదే కథ. బాపట్ల నుంచి బెంగళూరు, కేఆర్ పురంలో మా దగ్గరికి వచ్చాక బీపీ మాత్రలు మొదలయ్యాయి. మా ఇంట్లో ఏది కుదిరిందో చెబుతాను.

ముందు కూర జోలికి పోకండి. కూరలో చిటికెడు తగ్గించి పక్కన ఆవకాయ జాడీ పెడితే ఏం లాభం? మన కంచం చూడండి. ముద్దపప్పులో ఉప్పు, అందులోకి ఆవకాయ, నంజుకోడానికి అప్పడం, చివర్లో మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ. ఉప్పు పడనిది అన్నం ఒక్కటే! అప్పడాల పిండిలో కలిపే సోడా కూడా సోడియం లెక్కలోకే వస్తుంది. అందుకని మా ఇంట్లో పూటకి ఒక్కటే నంజు. ఆవకాయ ఉంటే అప్పడం లేదు, అంతే.

అలాగని ఆవకాయే ఉప్పు తగ్గించి కలుపుదాం అనుకోకండి, బూజు పడుతుంది. ఆ ఉప్పు వల్లే అది ఏడాది నిలవుంటుంది. రోటి పచ్చడికి ఆ బాధ లేదు, ఏ పూటకాపూట తినేసేదే. దోసకాయ ముక్కలు పచ్చివే ఉంచి, వేయించిన పచ్చిమిరపకాయలూ కొత్తిమీరా కచ్చాపచ్చాగా నూరి కలిపి, ఇంగువ పోపు పెట్టి, చివర నిమ్మకాయ పిండండి. ఉప్పు ఎప్పుడూ వేసేదాంట్లో సగం చాలు. మన దోసకాయ దొరక్కపోతే ఇక్కడి మంగళూరు సౌతెకాయి పనికొస్తుంది. మా అత్తయ్యగారు ఉప్పు ఊసెత్తకుండా తినేది ఇదీ, కందిపొడీ.

కూరల సంగతి తర్వాత, మెల్లగా. వేపుళ్లలో ఉప్పు దించేముందు పైన చల్లితే కొంచెమే అయినా నాలుకకి బాగా తెలుస్తుంది. పులుసులో చింతపండు చిక్కగా పోస్తే ఉప్పూ కారమూ కూడా ఎక్కువే అడుగుతుంది. పలచన చేస్తే మూడూ తగ్గుతాయి. కొన్ని వారాలకి నాలుక అలవాటు పడుతుంది, అప్పటిదాకా సణుగుడు తప్పదు.

ఎంత తగ్గిందో తెలియాలంటే కొత్త ఉప్పు ప్యాకెట్టు కోసిన రోజు దానిమీద తేదీ రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కూడా కాదు. నలుగురున్న ఇంట్లో ఆ లెక్కన కిలో ప్యాకెట్టు 50 రోజులు రావాలి, అదీ పచ్చళ్లూ బయటి తిండీ సున్నా అనుకుంటే. నెలకే ఖాళీ అవుతోందంటే తలకి రోజుకి 8 గ్రాములు దాటుతున్నట్టే.

బెంగళూరులో అసలు చిక్కు టిఫిన్లు. దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్లో, ఇడ్లీని సాంబారులో ముంచేసి ఇస్తారు. ఇడ్లీలో, చట్నీలో, సాంబారులో ఎక్కడికక్కడ ఉప్పే, పైగా ఇక్కడి సాంబారులో బెల్లం ఉండటంతో మన నాలుక దాన్ని పట్టుకోలేదు. సాంబారు విడిగా అడగండి. బేకరీ ఖారా బన్ను, కాంగ్రెస్ కడలేకాయి (మసాలా పల్లీలు) చూడ్డానికి చిరుతిండే గానీ ఉప్పు గట్టిగానే ఉంటుంది. ప్యాకెట్ల మీద సోడియం మిల్లీగ్రాముల్లో వేస్తారు, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు. 800 అని ఉంటే 2 గ్రాముల ఉప్పన్నమాట.

ఇక మీరడిగిన లో సోడియం ఉప్పు. అందులో సోడియం క్లోరైడు కొంత తీసి పొటాషియం క్లోరైడు కలుపుతారు, కాస్త చేదు తగులుతుంది. కిడ్నీలు బాగున్నవాళ్లకి అది మంచిదే. కానీ కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వాడుతున్నా ఒంట్లో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది, అది గుండెకి మంచిది కాదు. సైంధవ లవణం, గులాబీ ఉప్పు అంటూ వాట్సాప్‌లో తిరిగేవి నమ్మకండి, వాటిలోనూ ఉన్నది దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా చాలావాటిలో అయోడిన్ కలపరు. నాన్నగారి మాత్రల చీటీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం రిపోర్టులు పట్టుకెళ్లి డాక్టరుని అడిగాకే ఆ ప్యాకెట్టు కొనండి.