వాల్వు మూసిందో లేదో పైపునే అడుగు

అల్లుడూ,

అనంతపురం ఆసుపత్రిలో గదులకు చల్లగాలి పంపే ఏహెచ్‌యూల మోటారు వాల్వులన్నీ నీకే అప్పజెప్పారని అక్క ఫోన్లో చెప్పింది. పైపుల మేస్త్రీకి, కరెంటు మేస్త్రీకి, కంట్రోలర్ పెట్టే కుర్రాడికి మధ్యలో పడి నలిగే సామాను అది. తేడా వస్తే ముగ్గురూ తప్పుకుంటారు, నువ్వు మిగుల్తావు.

ముందు సైజు చూడు. పైపు రెండున్నర అంగుళాలు కదా, వాల్వూ అంతే పెడదామంటారు. ఒప్పుకోవద్దు. 20 టన్నుల ఏహెచ్‌యూకి, చల్లనీళ్లు 5.5 డిగ్రీలు వేడెక్కి తిరిగొచ్చే లెక్కన, గంటకు 11 ఘనపు మీటర్లు కావాలి. ఆ 11ని వాల్వు కేవీతో (ఒక బార్ ప్రెషర్ పడితే గంటకు ఎన్ని ఘనపు మీటర్లు పోతాయో ఆ అంకె) భాగించి, వచ్చినదాన్ని వర్గం చెయ్యి. వాల్వులో పడే ప్రెషర్ బార్లలో వస్తుంది. కేవీ 25కి 0.19, కేవీ 16కి 0.47. అదే కేవీ 63 అయితే 0.03, అంటే ఉన్నా లేనట్టే. చల్లనీళ్లు తిరిగే గొట్టాల చుట్టలో, అంటే కాయిల్లో, ఎంత పడుతుందో వాల్వులోనూ కనీసం అంత పడాలి. లేదంటే పావు తెరవగానే గది చల్లబడిపోతుంది. ఇక మోటారు రోజంతా తెరుస్తూ మూస్తూ గేర్లు అరగదీసుకుంటుంది.

లైను కడిగేదాకా వాల్వు డబ్బాలోంచి తియ్యనివ్వొద్దు. దాని చోట ముక్క పైపు బిగించి వెల్డింగులు, ఫ్లషింగు అన్నీ అయ్యాక వాల్వు పెట్టించు. వాల్వు ఉండగా పక్కన వెల్డింగ్ చేస్తే వేడికి లోపలి రబ్బరు రింగులు పోతాయి. చిన్న వాల్వులకైతే మొదటి రెండు మరలు వదిలేసి టేపు చుట్టమను. చివరన వేలాడే టేపు ముక్కే తర్వాత సీటు మీద, అంటే వాల్వు మూసుకునే చోట, కూర్చుంటుంది. బోరు నీళ్లు గట్టివని అక్కడ అందరూ భయపడతారు గానీ, అవే నీళ్లు తిరుగుతుండే లైనుకి ఒకసారి నింపిన నీళ్లతో పెద్ద నష్టం లేదు. లీకుండి రోజూ కొత్త నీళ్లు ఎక్కుతుంటేనే సున్నం పేరుకుంటుంది. కొత్త నీళ్లు ఎక్కే మేకప్ లైనుకి మీటరు పెట్టమని అడుగు.

రెండు దారుల వాల్వు రిటర్న్ లైన్లో, బాణం గుర్తు నీళ్లు పోయే వైపు ఉండాలి. గ్లోబ్ వాల్వుకి (బిరడాలాంటి ప్లగ్ దిగి మూసే రకం) నీళ్లు తిరగబడి వస్తే, మూసుకునే చివర్లో ప్లగ్‌ని నీళ్లే లాక్కుని టపటపా కొడుతుంది. మోటారు పైకి గానీ పక్కకి గానీ ఉండొచ్చు, కిందికి మాత్రం వద్దు. వానాకాలంలో చల్లటి బాడీ చెమటపట్టి ఆ నీళ్లన్నీ మోటారులోకే దిగుతాయి. ఇన్సులేషన్ బాడీ వరకే. మోటారుని కప్పితే మాన్యువల్ బటన్ కూడా అందులోనే పూడిపోతుంది. ఆపరేషన్ థియేటర్లలో గాలిని మళ్లీ వేడిచేసే రీహీట్ కాయిల్ వేడినీళ్ల వాల్వులకి మోటారు పక్కకే పెట్టించు, పైన పెడితే వేడి తగులుతుంది.

కరెంటు సంగతి. మోటారు తిరుగుతున్నప్పుడే దాని టెర్మినల్ దగ్గర 24 వోల్టులు కొలువు, ప్యానెల్ దగ్గర కాదు. ఎండాకాలం సాయంత్రం మెయిన్ 180కి పడితే, 230 మీద 24 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 19 కూడా ఇవ్వదు. చాలా మోటార్లు 19.2కి తగ్గితే ఒప్పుకోవు. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద రెండు మూడు మోటార్లుంటే అన్నింటికీ కామన్ వైరు ఒకటే కావాలి. ఒక్కదానికి తారుమారైనా షార్టయి కంట్రోలర్ కాలుతుంది. మోటారు సెట్టింగులు మార్చే చిన్న డిప్ స్విచ్‌లు కూడా చూడు: కంట్రోలర్ 0 నుంచి 10 వోల్టులు పంపుతుంటే మోటారు 2 నుంచి 10కి పెట్టి ఉందనుకో, మొదటి 20 శాతం కదలదు. ‘మోటారు చచ్చింది’ అని మార్చేసేది ఎక్కువగా ఇలాంటివే.

ఇక అసలు పరీక్ష. వాల్వు మీద మోటారు బిగించాక ఆటో స్ట్రోక్ బటన్ నొక్కి, రెండు చివర్లూ అది తెలుసుకునేదాకా ఆగు. తర్వాత మాన్యువల్లో 0, 50, 100 ఇచ్చి ముల్లు ఎక్కడ నిలిచిందో కంటితో చూడు. కంప్యూటర్ తెర మీద సున్నా అంటే కంట్రోలర్ సున్నా పంపిందనే అర్థం, వాల్వు మూసిందని కాదు. సున్నా ఇచ్చి, బ్లోయరు ఆడిస్తూ అరగంట వదిలెయ్యి. కాయిల్ నుంచి వాల్వుకి వచ్చే పైపు మీద సెన్సర్ కట్టు. గది గాలి 25 ఉంటే పైపు కూడా దాని దగ్గరికి రావాలి. 14 దగ్గరే ఆగిందంటే వాల్వు కారుతోంది.

అప్పుడు వెంటనే వాల్వు విప్పొద్దు. పంపు స్పీడు తగ్గించి మళ్లీ చూడు. తగ్గించగానే కారడం ఆగితే, పంపు ప్రెషర్‌కి ఎదురొడ్డి మూసే బలం మోటారుకి లేదన్నమాట. పెద్ద మోటారు కావాలి. అయినా కారుతుంటే సీటు మీద చెత్త ఉంది, లేదా మోటారు కొక్కెం వాల్వు కాడని, అంటే స్పిండిల్‌ని సరిగా పట్టలేదు. ముందు కొక్కెం చూడు, అది అయిదు నిమిషాల పని. చెత్తే అనిపిస్తే ఒకటి రెండుసార్లు పూర్తిగా తెరిచి మూస్తే కొట్టుకుపోవచ్చు.

ప్లాంటు నడిచిన మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి స్ట్రైనర్లు (నీళ్లలో చెత్త పట్టే జల్లెళ్లు) విప్పించు. విప్పేముందు అటూ ఇటూ ఉన్న వాల్వులు నువ్వే మూసి, కింద బకెట్టు పెట్టించు. కింది అంతస్తు సీలింగు తడిస్తే మాట పడేది నువ్వే.

మీ మామ