గుణుపురం పెరడు గురించి అమ్మడికి

పర్లాకిమిడి

అమ్మడూ,

విశాఖలో ఉద్యోగం మానేసి గుణుపురంలో తాతయ్య ఇంటికి చేరావనీ, పెరడంతా తవ్వి కూరగాయలు వేస్తావనీ మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. వాడు కోపంగా చెప్పాడు, నేనూ కోపంగానే విన్నాను. ఫోను పెట్టేశాక మీ పెద్దమ్మ వచ్చి, ఎందుకు నవ్వుతున్నారని అడిగింది.

నేను పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే కదా, ఆ నేల సంగతి నాకు తెలుసు. ఎర్రమట్టి. వానకు జారిపోతుంది, ఎండకు ఇటుకలా బిగుసుకుంటుంది. బస్తా ఎరువు కన్నా ముందు దానికి ఆకూ అలమూ కావాలి.

కంపోస్టుకు గొయ్యి తవ్వకు, వానలకు నీళ్లు నిలిచి కంపు కొడుతుంది. నేల మీదే మూడడుగుల ఎత్తున కుప్ప వెయ్యి. మూడు గంపల ఎండుటాకులకు ఒక గంప పచ్చి చెత్త, మీద పేడనీళ్లు. పిడికిట్లో పిండితే రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. పదిహేను రోజులకోసారి తిరగెయ్యి. మూడు నాలుగు నెలలకు మట్టివాసన వస్తుంది. ఇదంతా ఎవరైనా చెబుతారు.

రంపపు పొట్టు సంగతి మాత్రం నేనే చెప్పాలి.

1985 వేసవి. పర్లాకిమిడిలో కొత్త ఉద్యోగం, శనివారం శనివారం చిన్న రైల్లో ఇంటికి ప్రయాణం. అప్పటికింకా రెండున్నర అడుగుల పట్టాలే. ఇక్కడ కలప కోసే చోట పొట్టు ఊరికే ఇస్తామంటే, వారానికి రెండు బస్తాల చొప్పున మోసుకెళ్లాను. పెట్టెలో జనమంతా తుమ్ముతూ నన్ను తిట్టుకున్నారు. నాకేం పట్టలేదు. చెక్క కుళ్లితే ఎరువే కదా అనుకుని, జానెడు లోతు తవ్వి మట్టిలో బాగా కలిపేశాను. తొలకరికి వంగ, మిరప నారు నాటాను.

ఇరవై రోజులకు కింది ఆకులు పసుపుపచ్చగా మారాయి. తెగులనుకుని మందు కొట్టాను. తగ్గకపోతే నీళ్లు చాలలేదనుకుని రోజూ పోశాను. మొక్కలు చావలేదు, పెరగనూ లేదు. చివరికి పక్కింటి ఒడియా ముసలావిడ, మేమంతా మావుసి అని పిలిచేవాళ్లం, గోడ మీదుగా చూసి గుప్పెడు మట్టి తెమ్మంది. చేతిలో నలిపి చూసి, "ఇది ఖత కాదురా, పచ్చి కట్టె. నీ మొక్కల కూడు ఇదే తింటోంది" అంది. ఖత అంటే ఒడియాలో ఎరువు.

ఆవిడ మాటకు అర్థం చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు ఇరవై అయిదు, ముప్పై పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. రంపపు పొట్టులో ఆ ఒక పాలుకు కర్బనం కొన్ని వందల పాళ్లు. లోటు తీర్చుకోవడానికి అవి మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్కకు మిగలదు. ఎండుగడ్డి కలిపినా అంతే, కాకపోతే కొంచెం తక్కువ. అదే పొట్టును పైన పరిచి ఊరుకుంటే ఏమీ అయ్యేది కాదు. ఆ లాగుడంతా తాకిన పైపొర వరకే. జనుము చల్లి పూతకు ముందే కలియదున్నుతూ, పేడ పోస్తూ నేలను మామూలు చెయ్యడానికి రెండేళ్లు పట్టింది.

మీ తాతయ్య ఒక్క మాట అనలేదు. ఆ ఏడు కాసిన ఏడెనిమిది వంకాయలూ ఉప్పూకారం పెట్టి వండించుకుని, వచ్చినవాళ్లకల్లా మా వాడి తోటవని చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కాబట్టి పచ్చిది, ఎండుది ఏదైనా పైన పరుచు. బాగా మాగినదే లోపల కలుపు. తడి మట్టి మీద రెండు మూడు అంగుళాలు చాలు, మొదలు చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదులు, లేకపోతే కాండం కుళ్లుతుంది. జీడి ఆకులు మందం, మాగడానికి చాలా కాలం తీసుకుంటాయి, నలిపి వెయ్యి. కానుగ ఆకు దొరికితే వదలకు.

ఇక అసలు విషయం. నువ్వు చూడని ఒక బాబాయి ఉండేవాడు, మీ నాన్నకు తమ్ముడు. తొమ్మిదేళ్లు. నూతి పక్క ఎండుటాకుల కుప్పలో బంతి కోసం చెయ్యి పెట్టాడు. రక్తపింజరి. ముందు మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్లారు, ఆసుపత్రికి చేరేసరికి పొద్దుపోయింది. అందుకే మీ నాన్నకు అంత కోపం, నీకు చెప్పడు.

నూతి పక్క కుప్ప వెయ్యకు. తూర్పు గోడ దగ్గర, ఇంటికి దూరంగా వెయ్యి. అన్నం, చేపముళ్లు అందులో పడెయ్యకు. వాటికి ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక అవి వస్తాయి. తిరగేసే ముందు కర్రతో నాలుగుసార్లు కొట్టు. చెప్పులతో కాదు, బూట్లతో వెళ్లు. కాటు పడితే కట్టు కట్టవద్దు, కొయ్యవద్దు, కదలకుండా నేరుగా ఆసుపత్రికే. ఆ నంబరు వంటింటి గోడ మీద రాసుకో. నేను వచ్చినప్పుడు చూస్తాను.

పొడవాటి పిడి ఉన్న పార ఒకటి, టార్చిలైటు ఒకటి రేపటి బస్సులో పంపుతున్నాను. బ్యాటరీలు అందులోనే ఉన్నాయి.

మీ పెదనాన్న